జ్వరం వార్డుకు సగం పూట నిపుణుడు

తెలంగాణ ప్రభుత్వం 2022లో సర్వీసు నిబంధనలు సవరించి, కొత్తగా చేరే ప్రభుత్వ వైద్యులు ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదని తేల్చింది. అప్పటికే కొలువులో ఉన్నవారి జోలికి మాత్రం పోలేదు. డ్యూటీ వేళలు ముగిశాక సొంత క్లినిక్కు తెరుచుకోవడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దశాబ్దాలుగా సాగుతున్నదే. నిషేధం మంచిదా కాదా అన్న వాదన అప్పుడు జోరుగా సాగింది, ఇప్పటికీ చల్లారలేదు. కానీ వాదులాడుకుంటున్న రెండు పక్షాలకూ ఒక విషయంలో తేడా లేదు. వైద్యుడు సర్కారు మనిషి అయినా కావాలి, ప్రైవేటు మనిషి అయినా కావాలి. ఈ రెండింటి నడుమ మరో రకం ఉద్యోగం ఉండవచ్చన్న ఊహే ఎవరికీ రాదు.

వారానికి ఇరవై గంటలు ప్రభుత్వాసుపత్రిలో పని. ఆ ఇరవై గంటలకే జీతం. ఆ ఇరవై గంటల మేరకు పూర్తి అధికారం, పూర్తి జవాబుదారీ. ఇలాంటి పోస్టు మన బోధనాసుపత్రుల మంజూరు పట్టికల్లో కనిపించడం అరుదు. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పార్ట్‌టైమ్ మెడికల్ ఆఫీసరును పెట్టుకోవచ్చని జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ఎప్పుడో ఒప్పుకుంది. పెద్దాసుపత్రుల గుమ్మం దాకా వచ్చేసరికి ఆ ఆలోచన ఆగిపోయింది. విచిత్రమేమిటంటే, కాగితం మీద పూర్తికాలం పనిచేస్తూ మధ్యాహ్నం దాటాక కనిపించని వైద్యుల గురించి అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. సగం కాలమే పనిచేస్తానని ముందే నిజం చెప్పి వచ్చే వైద్యుడికి మాత్రం మన దగ్గర కుర్చీ లేదు.

అన్ని విభాగాలకూ ఈ సగం కొలువు పనికొస్తుందని నేను అనడం లేదు. కాన్పుల వార్డుకు పనికిరాదు, ప్రమాదాల విభాగానికి అసలే పనికిరాదు. అంటువ్యాధుల విభాగం సంగతి వేరు. అక్కడ సగం రోజు నిపుణుడు చేయగలిగిన పని చాలా ఉంది. ఇవాళ ఆ పని చేసేవారే లేరు.

అంటువ్యాధుల నిపుణుడంటే ఎవరో చాలామంది పాఠకులు కోవిడ్ రోజుల్లో టీవీలో చూసి తెలుసుకున్నారు. జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేశాక, మరో మూడేళ్లు డీఎం చదివినవారు. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, వేలూరు సీఎంసీ వంటి కొద్ది చోట్లే ఈ చదువు ఉంది. బయటికి వచ్చేవారే తక్కువ. వారిలో ఎక్కువమంది హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని కార్పొరేట్ ఆసుపత్రులకు వెళతారు. కిడ్నీ, కాలేయ మార్పిడులు, కేన్సర్ చికిత్సలు జరిగే చోట ఇన్ఫెక్షన్లు చూసే మనిషి లేకపోతే ఆపరేషను గెలిచినా రోగి దక్కడు కాబట్టి వారికి అక్కడ గిరాకీ ఉంది. మన రాష్ట్రాల ప్రభుత్వాసుపత్రుల్లో ఆ పేరుతో పోస్టు కనిపించడమే అరుదు. ఎంబీబీఎస్ కళాశాలకు అనుమతి కావాలంటే ఉండి తీరాల్సిన విభాగాల జాబితాలో చర్మవ్యాధులున్నాయి, మానసిక వైద్యం ఉంది. అంటువ్యాధుల విభాగం లేదు. పోస్టు లేదు కాబట్టి మనిషి రాడు. మనిషి దొరకడు కాబట్టి పోస్టు సృష్టించరు.

ఇదంతా జ్వరాల చరిత్ర పుష్కలంగా ఉన్న గడ్డ మీద జరుగుతోంది. మలేరియా క్రిమిని దోమ పొట్టలో రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్ బేగంపేటలో. ఆ పనికే ఆయనకు 1902లో నోబెల్ వచ్చింది. ఆయన పేరు పెట్టుకున్న నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాతతరం ఇప్పటికీ కోరంటి దవాఖాన అనే పిలుస్తుంది. కంఠసర్పి, ధనుర్వాతం, కుక్కకాటు అంటే చుట్టుపక్కల జిల్లాలన్నీ అక్కడికే దారి తీస్తాయి. గుంటూరులో జ్వరాల ఆసుపత్రి, విశాఖపట్నంలో ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి. భవనాలకు కొదవలేదు. జబ్బుకొక కార్యక్రమం చొప్పున కార్యక్రమాలకూ కొదవలేదు. క్షయకు ఒకటి, హెచ్ఐవీకి ఒకటి, మలేరియాకు, బోదకాలుకు ఇంకొకటి. ప్రతిదానికీ తన ల్యాబు, తన రిజిస్టరు, తన జిల్లా అధికారి. 2004లో మొదలైన ఉచిత హెచ్ఐవీ చికిత్స (ఏఆర్‌టీ) కేంద్రాలు లక్షల ప్రాణాలు నిలబెట్టాయి, అందులో సందేహం లేదు. కానీ ఈ పద్ధతిలో జ్వరానికి ముందు పేరు దొరకాలి, ఆ తర్వాతే దానికి దిక్కు దొరుకుతుంది. ఇంకా పేరు తెలియని జ్వరం జనరల్ మెడిసిన్ వార్డులో అందరిదీ, అంటే ఎవరిదీ కాదు.

ఆ వార్డులో ఏం జరుగుతుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. సెప్టెంబరు నెల, ఒక బోధనాసుపత్రి. మంచాలు నిండిపోయి, వరండాలో పరుపులు వేశారు. నలభై ఏళ్ల మహిళ, రైతుకూలీ, ఎనిమిది రోజుల జ్వరం. ఊళ్లో ఆర్ఎంపీ మూడు ఇంజెక్షన్లు పొడిచాడు. మండల కేంద్రంలో నర్సింగ్ హోమ్ వాళ్లు రెండు రోజులు సెలైన్ ఎక్కించి, వైడాల్ పాజిటివ్ అని, ప్లేట్‌లెట్లు అరవై వేలకు పడ్డాయని, టైఫాయిడూ డెంగీ రెండూ ఉన్నాయని చెప్పి పంపించారు. ఇక్కడికి వచ్చేసరికి ఆయాసం మొదలైంది. రాత్రి డ్యూటీ పీజీ సెఫ్‌ట్రియాక్సోన్ ఆపి మెరోపెనెమ్ రాశాడు. అతన్ని తప్పుపట్టలేం. అరవై మంది రోగులు, ఒక్కడే డాక్టరు. ప్రాణం పోతుందన్న భయానికి దగ్గరున్న పెద్ద మందే రాస్తాడు.

మర్నాడు ఉదయం రౌండుకు ఒక అంటువ్యాధుల వైద్యురాలు వచ్చిందనుకుందాం. ఆమె కేస్ షీటు పక్కన పెట్టి, ముందు మంచం చుట్టూ తెర లాగించింది.

"అమ్మా, ఈ మధ్య గడ్డికి పోయినవా?"

"రోజూ పోత మేడం. బర్లకు గడ్డి నేనే తెస్త."

సెల్‌ఫోను లైటు వేసి చంకలు, రొమ్ముల కింది మడతలు, గజ్జలు వెతికితే నడుము దగ్గర, చీర కుచ్చిళ్లు బిగించే చోట, సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లటి చెక్కు కనిపించింది. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లికంటే చిన్న పురుగు కుట్టిన గుర్తు అది. జ్వరం పేరు స్క్రబ్ టైఫస్. మందు డాక్సీసైక్లిన్, కొద్ది రూపాయల మాత్ర. చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. మెరోపెనెమ్ సీసాలు ఎన్ని ఎక్కించినా ఈ క్రిమి మీద పనిచేయదు, ఎందుకంటే అది మన కణాల లోపల దాక్కుంటుంది. చికిత్స ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అలా ముదిరిన కేసుల్లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇస్తే ఒక్కో మందు విడిగా ఇచ్చినదానికంటే మేలని 2023లో వేలూరు సీఎంసీ నాయకత్వంలో ఏడు కేంద్రాల్లో 794 మంది రోగులపై జరిగిన అధ్యయనం తేల్చింది. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. మన దేశపు వార్డుల్లో మన రోగుల మీద తేలిన సంగతి ఇది. ఇంజెక్షను రూపంలోని డాక్సీసైక్లిన్ మన బోధనాసుపత్రుల స్టోర్లలో ఎన్నింట దొరుకుతుందో ఆరోగ్య శాఖ ఒకసారి విచారించుకుంటే బాగుంటుంది.

ఆ నల్లచెక్కు వెతకడానికి పట్టింది పది నిమిషాలు. దానికోసం ఇరవై నాలుగు గంటలూ అక్కడే కాపురం ఉండాల్సిన పని లేదు. వెతకాలన్న తలంపు ఉన్న మనిషి, నిర్ణీత రోజున, నిర్ణీత వేళకు వచ్చి తీరాలి. అంతే. రెండు సీజన్లు ఆమె వెంట రౌండు తిరిగిన పీజీలు మూడో సీజనులో ఆమె లేని రోజున కూడా తెర లాగుతారు. బోధనాసుపత్రికి వచ్చే నిపుణుడి వల్ల పెద్ద లాభం ఇదే. లెక్కల్లో ఎక్కడా కనపడని లాభం కూడా ఇదే.

ఇక కల్చర్ రిపోర్టు సంగతి. నెత్తురులో క్రిమి ఉందేమో చూడాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే రక్తం తీసి సీసాల్లోకి ఎక్కించాలి. పెద్దవారికి ఒక్కో సీసాకు ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్లు, వీలైతే రెండు చోట్ల నుంచి. క్రిమి పెరగడానికి ఒకటి రెండు రోజులు, ఏ మందుకు లొంగుతుందో తేలడానికి ఇంకో రోజు. అంటే అసలు నిర్ణయం మూడో రోజున తీసుకోవాలి. మొదటి రాత్రి భయంతో మొదలుపెట్టిన పెద్ద మందును ఆపాలా, చిన్న మందుకు దిగాలా, మార్చాలా, అలాగే కొనసాగించాలా? మన వార్డుల్లో మొదటి రాత్రికి డ్యూటీ డాక్టరు ఉన్నాడు. మూడో రోజుకు ఎవరూ లేరు. అప్పటికి యూనిట్ మారిపోతుంది, పీజీ మారిపోతాడు. రిపోర్టు ల్యాబు కిటికీ దగ్గర పడి ఉంటుంది. అది వార్డు చేరేలోగా రోగి ఇంటికైనా వెళ్లి ఉంటాడు, వెంటిలేటరు మీదికైనా చేరి ఉంటాడు. చాలాచోట్ల మైక్రోబయాలజీ ప్రొఫెసరుకూ, మెడిసిన్ ప్రొఫెసరుకూ మధ్య కాగితాలే తిరుగుతాయి, మాటలుండవు. అంటువ్యాధుల వైద్యుడి ఉద్యోగంలో సగం ఈ ఇద్దరి మధ్యా తిరగడమే. అత్యవసరం కాదు కనుకనే ఇది ఎవరూ చేయని పని. అత్యవసరం కాదు కనుకనే దీన్ని సగం పూట మనిషి చేయగలడు.

దీని వెనక ఉన్న లెక్కలు చిన్నవి కావు. యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12 లక్షల 70 వేల మంది చనిపోయారని లాన్సెట్‌లో 2022లో వచ్చిన అంచనా. మన ఐసీయూల్లో తిష్ఠవేసిన అసినిటోబాక్టర్ అనే బ్యాక్టీరియా మీద కార్బాపెనెమ్ తరగతి మందులు పదింట తొమ్మిది సార్ల దాకా పనిచేయడం లేదని భారత వైద్య పరిశోధన మండలి నివేదికలు చెబుతున్నాయి. ఆ తర్వాత మిగిలింది కొలిస్టిన్. అది మూత్రపిండాలను దెబ్బతీసే మందు. మనవైపు దీనికి ఇంకో కోణం ఉంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం బయటపెట్టింది. రోగి రక్తంలో మందు పనిచేసే మోతాదు కంటే అది చాలా ఎక్కువ. మందు తయారయ్యేదీ ఇక్కడే, అది పనిచేయకుండా పోయేదీ ఇక్కడే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. 2012లో చెన్నైలో వైద్య సంఘాలన్నీ కూర్చుని ఒక ప్రణాళిక రాసుకున్నాయి. 2014 మార్చి నుంచి పెద్ద యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టరులో రాయాలి. 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 2018లో కేరళ, ఆ తర్వాత మధ్యప్రదేశ్, ఢిల్లీ, ఆంధ్రప్రదేశ్ సొంత ప్రణాళికలు వేసుకున్నాయి. ప్రతి పెద్దాసుపత్రిలోనూ యాంటీబయాటిక్ కమిటీ, ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీ ఉన్నట్టు ఫైళ్లున్నాయి. తనిఖీ బృందం వస్తుందంటే ఆ ఫైళ్ల మీద దుమ్ము దులుపుతారు. కమిటీలో పన్నెండు మంది ఉంటారు, ఒక్కరికీ అది అసలు పని కాదు. అందరికీ అదనపు బాధ్యతే. ప్రభుత్వ కార్యాలయంలో అదనపు బాధ్యత అంటే ఏమిటో చదువరులకు వేరే చెప్పనక్కర్లేదు.

బ్రెజిల్ ఈ చిక్కుముడిని ఎలా విప్పుకుందో చూడాలి. 1985లో ఆ దేశానికి అధ్యక్షుడిగా ఎన్నికైన తాంక్రెదో నెవిస్ ప్రమాణ స్వీకారానికి ముందు రోజు ఆసుపత్రిలో చేరారు. వరసగా ఆపరేషన్లు జరిగాయి. ఇన్ఫెక్షను ముదిరి ఏప్రిల్ 21న చనిపోయారు. ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్ అనే మాట అప్పటిదాకా వైద్యుల నోటనే ఉండేది, ఆ తర్వాత ఇంటింటి మాట అయింది. 1997లో ప్రతి ఆసుపత్రికీ ఇన్ఫెక్షన్ నియంత్రణ కార్యక్రమం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 1998 నాటి ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రతి 200 పడకలకు కనీసం ఇద్దరు నిపుణులు. వారిలో నర్సు రోజుకు కనీసం ఆరు గంటలు, మిగతావారు కనీసం నాలుగు గంటలు ఇదే పని మీద ఉండాలి. గంటలను ఉత్తర్వులోనే అచ్చువేశారు. కమిటీ అంటే ఎన్ని సంతకాలు అనే ప్రశ్న పోయి, ఎన్ని గంటలు అనే ప్రశ్న వచ్చింది. ఉదయం ప్రభుత్వాసుపత్రిలో నాలుగు గంటలు పనిచేసి మధ్యాహ్నం మరోచోటికి వెళ్లే వైద్యుడు ఆ దేశంలో మామూలు. అతన్ని ఎవరూ దొంగలా చూడరు. వారానికి ఇరవై గంటల కొలువు అక్కడ చట్టబద్ధమైన కొలువు. బ్రెజిల్ ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్లు మాయమయ్యాయని కాదు. బాధ్యత ఎవరిదో, ఎంతసేపో అడిగే వీలు మాత్రం వచ్చింది.

మనకూ సగం పూట వైద్యుల చరిత్ర లేకపోలేదు. బొంబాయి మునిసిపల్ ఆసుపత్రుల్లో, ముఖ్యంగా కేఈఎంలో, పేరుమోసిన ప్రైవేటు వైద్యులు ఉదయం పూట వచ్చి వార్డులు చూసి, విద్యార్థులకు పాఠం చెప్పి వెళ్లేవారు. గౌరవ వైద్యులని పేరు. గొప్ప గురువులు ఆ పద్ధతిలోనే వచ్చారు. దాని లోపం కూడా ఆ పేరులోనే ఉంది. జీతం ఇవ్వని మనిషిని వేళకు రాలేదేమని అడగలేం. రావడం ఆయన దయ, రాకపోవడం ఆయన ఇష్టం. పైగా ఆసుపత్రి బోర్డు మీద పేరు ఉంటే ప్రైవేటు క్లినిక్కుకు గిరాకీ పెరిగేది. ఇప్పుడు ప్రభుత్వాలు నిపుణులను సేవాభావంతో రమ్మని పిలిచినప్పుడల్లా నాకు ఈ చరిత్రే గుర్తొస్తుంది. ఉచిత సేవ వద్దు. గంటకు ఇంత అని జీతమివ్వండి, గంటకు ఇంత పని అడగండి.

నిపుణుడు రానక్కర్లేదు, ఫోనులో సలహా తీసుకుంటే పోదా అనేవారున్నారు. టెలీమెడిసిన్ మోజులో ఈ మాట ఇంకా బలపడింది. రక్తంలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా చేరిన రోగుల మీద ఫిన్లాండులో జరిగిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. నిపుణుడు మంచం దగ్గరికి వచ్చి చూసిన రోగుల కంటే, ఫోనులో మాత్రమే సలహా అందిన రోగుల్లో మరణాలు ఎక్కువ. కారణం ఊహించలేనిదేమీ కాదు. చీము ఎక్కడ గూడుకట్టిందో, పాత సూది గొట్టం ఎక్కడ వదిలేశారో, గుండెలో కొత్త చప్పుడు ఉందేమో ఫోను చెప్పదు. అడగడం తెలిసినవాడికే ఫోను ఉపయోగపడుతుంది. ఏం అడగాలో తెలియక ఇబ్బంది పడుతున్న చోటికే నిపుణుడు కావాలి. అతను రాని రోజుల్లో ఫోను ఉండనివ్వండి. వచ్చే రోజులను ఫోనుతో పూడ్చకూడదు.

నిఫా వైరస్ సంగతి ఈ సందర్భంలో చెప్పుకోవాలి. 2018 మేలో కోళికోడ్‌లో మొదటి రోగిని ఎవరూ గుర్తించలేదు. అతని అన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరినప్పుడు, ఒకే ఇంట్లో ఇలా వరసగా మెదడు వాపు రావడమేమిటని అక్కడి వైద్యులకు అనుమానం వచ్చి నమూనాలు మణిపాల్ ల్యాబుకు పంపారు. అప్పటికే తాలూకా ఆసుపత్రిలోనూ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనూ ఇతరులకు వ్యాధి సోకింది. మొదటి రోగికి సేవ చేసిన నర్సు లినీ చనిపోయింది. అధికారిక లెక్క ప్రకారం 17 మంది పోయారు. అనుమానించడం తెలిసిన ఆ కళ్లు ప్రభుత్వ వార్డులోనూ కొద్ది గంటలైనా తిరిగి ఉంటే అన్న ప్రశ్నకు జవాబు తేలదు గానీ, అడగక తప్పదు. మన దగ్గర 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడూ అంతే. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికి కేంద్రం చేశారు. ముక్కు వైద్యుడు, కంటి వైద్యుడు, షుగరు చూసే వైద్యుడు, మత్తు వైద్యుడు తలో చేయి వేశారు. ఆంఫోటెరిసిన్ మందు దొరకక, దొరికినా మూత్రపిండాలు కాచుకుంటూ ఎన్నాళ్లు ఇవ్వాలో తెలియక తల్లడిల్లారు. నలుగురు నిపుణులు పనిచేసే జబ్బుకు మధ్యలో నిలబడి మందు లెక్క చూసే అయిదో మనిషి కావాలి. అతనే అంటువ్యాధుల వైద్యుడు.

ఈ కొలువును వ్యతిరేకించేవారి అభ్యంతరాల్లో ఒకటి బరువైనది. ఉదయం ప్రభుత్వ వార్డులో చూసిన రోగిని సాయంత్రం తన ప్రైవేటు ఆసుపత్రికి రప్పించుకోడా? రప్పించుకునేవాళ్లు ఉంటారు. పూర్తికాలం వైద్యులతో మనకు ఆ అనుభవం చాలినంత ఉంది. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. శస్త్రచికిత్స చేసేవాడికి రోగిని తరలించుకుంటే ఆపరేషను డబ్బు వస్తుంది. అంటువ్యాధుల వైద్యుడి చేతిలో ఆపరేషను లేదు, స్కోపు లేదు, స్టెంటు లేదు. ఆలోచించి మందు ఆపడమే అతని పని. ఆపిన మందుకు ఎవరూ బిల్లు వేయరు. ఆరోగ్యశ్రీ ప్యాకేజీల్లో ఆలోచనకు ధర లేకపోవడానికీ, కార్పొరేట్ ఆసుపత్రుల్లో కూడా ఈ విభాగం లాభాల పద్దులో వెనకబడడానికీ కారణం అదే. అయినా కట్టడి ఉండాల్సిందే. ప్రైవేటులో ఎక్కడ పనిచేస్తున్నాడో రాతపూర్వకంగా ప్రకటించాలి. ఇక్కడి రోగిని అక్కడికి పంపితే కాంట్రాక్టు రద్దు కావాలి. ఏ మందుల కంపెనీ దగ్గర ఏం పుచ్చుకున్నా బయటపెట్టాలి.

రాత్రి పూట ఎవరు చూస్తారన్నది ఇంకో ప్రశ్న. ఇప్పుడు చూస్తున్నవారే చూస్తారు. రాత్రి మొదలైన మందును పగలు సరిచూసే మనిషి కావాలన్నదే ఇక్కడి వాదన.

అసలు గండం ఎక్కడుందంటే, సగం పూట వైద్యుడిని తెచ్చి అతిథిలా కూర్చోబెట్టడంలో. అలాంటి ఏర్పాట్లు కొన్ని దగ్గరగా చూశాను. కూర్చోవడానికి గది ఉండదు. అతను రాసిన సలహాను యూనిట్ చీఫ్ చదవడు, చదివినా ఆచరించడు. స్టోరులో లేని మందుకు ఇండెంటు పెట్టే అధికారం అతనికి లేదు. కాంట్రాక్టు జీతం నెలలు గడిచాక వస్తుంది. ఏడాది తిరిగేసరికి అతను రావడం మానేస్తాడు. చూశారా, పార్ట్‌టైమ్ వాళ్లు ఇంతే అంటారు. ఉమ్మడి కుటుంబంలో ఇల్లరికపు అల్లుడికి ఉన్నంత పలుకుబడితో యాంటీబయాటిక్ విధానం అమలు కాదు. కొలిస్టిన్ లాంటి ఆఖరి వరుస మందులు అతని సంతకం లేకుండా రెండో రోజు దాటకూడదని సూపరింటెండెంట్ ఉత్తర్వు ఇవ్వాలి. అతను లేని రోజున ఆ సంతకం ఎవరిదో కూడా అందులోనే ఉండాలి. పాజిటివ్ వచ్చిన ప్రతి రక్తపు కల్చర్ ల్యాబు నుంచి నేరుగా అతని ఫోనుకు చేరాలి. మందుల కొనుగోలు జాబితా తయారుచేసే చోట అతనికి మాట ఉండాలి.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తరు. క్షయ వార్డులో, కంఠసర్పి వార్డులో తిరిగే మనిషికి జబ్బు సోకితే? పూర్తికాలం ఉద్యోగికి సెలవుంది, వైద్య ఖర్చుల వాపసు ఉంది, కుటుంబానికి పింఛను ఉంది. గంటల లెక్కన వచ్చేవాడికి ఏదీ లేదు. క్రిమికి మాత్రం కాంట్రాక్టు ఉద్యోగి, పర్మినెంటు ఉద్యోగి అనే భేదం తెలియదు. ఇది పరిష్కారం లేని సమస్యేమీ కాదు. కోవిడ్ వేళ కేంద్రం ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల రూపాయల బీమా ప్రకటించినప్పుడు కాంట్రాక్టువారినీ, దినకూలీలనూ, కోవిడ్ పనికి తీసుకున్న ప్రైవేటు సిబ్బందినీ అందులో చేర్చింది. అప్పుడు చేయగలిగింది ఇప్పుడు చేయలేమనడానికి కారణం లేదు.

హాజరు విషయం కూడా చెప్పాలి. 2025 నుంచి వైద్య కళాశాలల అధ్యాపకులు ముఖం చూపించి హాజరు వేయాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన పెట్టింది. మనిషి ఆవరణలో ఉన్నాడో లేదో యంత్రం చెబుతుంది. మంచం దగ్గర ఏం చేశాడో చెప్పదు. సగం పూట నిపుణుడి పనిని కొలవడం నిజానికి ఇంతకంటే తేలిక. పాజిటివ్ కల్చర్లలో ఎన్నింటిని ఒక రోజులోపు చూశాడు, ఎన్ని చోట్ల పెద్ద మందు ఆపించాడు, ఆఖరి వరుస మందుల వాడకం ఏడాదిలో తగ్గిందా పెరిగిందా, ఐసీయూలో గొట్టాల ద్వారా సోకే ఇన్ఫెక్షన్లు ఎన్ని? ఈ నాలుగూ ప్రతి మూడు నెలలకూ ఆసుపత్రి గోడ మీద పెట్టవచ్చు. యాంటీబయాటిక్ వాడకంలో 70 శాతం సాధారణ తరగతి మందులే ఉండాలన్న లక్ష్యానికి 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. గడువు 2030. ఆ లెక్క ఢిల్లీలో తయారు కాదు. వార్డులో ఎవరో ఒకరు లెక్కపెట్టాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులూ చేయగలిగిన పని ఇది. నల్లకుంట, గుంటూరు, విశాఖ జ్వరాల ఆసుపత్రుల్లోనూ, గాంధీ, ఉస్మానియా, కింగ్ జార్జ్ లాంటి పాత బోధనాసుపత్రుల్లోనూ వారానికి ఇరవై గంటల అంటువ్యాధుల నిపుణుల పోస్టులు మంజూరు చేయాలి. పూర్తికాలం పనిచేస్తానని ఎవరైనా వస్తే ఇంకా మంచిది, తీసుకోవాలి. రాకపోతే ఖాళీ అని బోర్డు పెట్టి కూర్చోకూడదు. ఆ జీవోలో గంటలు, జీతం, సంతకం అధికారం, బీమా నాలుగూ అక్షరాల్లో ఉండాలి. కొత్తగా ప్రతి జిల్లాకూ మెడికల్ కాలేజీ తెచ్చామని చెప్పుకుంటున్నాం. వాటిలో జ్వరం వార్డులు వచ్చే వానాకాలానికి నిండుతాయి. ఉత్తర్వు అంతకు ముందే రావాలి.